ఇరవై మిల్లీగ్రాముల చిక్కుముడి: ఇంటి మురుగు శుద్ధి ప్రమాణాలు ఏమి చెబుతాయి, ఏమి చెప్పవు

వీధి మురుగు గొట్టం అందని ఇల్లు తన మురుగును తన ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలి. అందుకు సెప్టిక్ ట్యాంకు, దాని వెనుక నీరు ఇంకే నేల ఉండవచ్చు. లేదా గాలి పంపుతో నడిచే చిన్న శుద్ధి యంత్రం ఉండవచ్చు. యంత్రం కొనబోయేవారి చేతికి ఒక పత్రం వస్తుంది. బీఓడీ (మలినం వల్ల ఖర్చయ్యే ఆక్సిజన్ కొలత) లీటరుకు 20 మిల్లీగ్రాములు, నీటిలో తేలాడే మడ్డి 30, శుద్ధి సామర్థ్యం 95 శాతం అని అందులో ఉంటుంది. కింద ఒక ప్రమాణం సంఖ్య, ఒక ముద్ర. చదివినవారు రెండు సంగతులు నమ్ముతారు: తమ ఇంటి నుంచి వెళ్లే నీరు అంత శుభ్రంగా ఉంటుందని, చట్టం ముందు తమ బాధ్యత తీరిపోయిందని. ఆ పత్రం ఈ రెండింటిలో దేనికీ హామీ కాదు.

తప్పు చదివేవారిది కాదు. ప్రమాణం అనే ఒకే మాటను మనం నాలుగు పనులకు వాడుతున్నాం. ట్యాంకును ఎలా తయారుచేసి పరీక్షించాలో చెప్పేది ఒకటి. బయటికి వచ్చే నీటిలో ఎంత మలినం ఉండవచ్చో చెప్పేది ఇంకొకటి. ఆ నీరు ఏ నేలలోకి, ఏ వాగులోకి వెళ్లవచ్చో చెప్పేది మూడోది. వ్యవస్థను ఎవరు, ఎన్నాళ్లకొకసారి చూడాలో చెప్పేది నాలుగోది. వీటిని రాసేవారు వేరు, అమలు చేసేవారు వేరు. పరీక్షశాలలో తేలే విషయాల మీద నిబంధనలు వివరంగా ఉంటాయి. ఇంటి పెరట్లో ఏళ్ల తరబడి జరగవలసిన వాటి మీద పలుచబడతాయి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ అంతరమే.

ఇరవై ఎక్కడి నుంచి వచ్చింది?

బీఓడీ అంటే మలినం బరువు కాదు. నీటిలోని సూక్ష్మజీవులు ఆ మలినాన్ని తినడానికి ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే కొలత. నమూనాను సీసాలో మూసి, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకట్లో ఐదు రోజులు ఉంచుతారు. మొదట ఎంత ఆక్సిజన్ ఉందో, చివరికి ఎంత మిగిలిందో చూస్తారు. ఆ తేడాయే బీఓడీ. ఈ నీరు కలిసిన వాగులో చేపలకు ఊపిరి ఆడుతుందా లేదా అన్నది దీన్నిబట్టి అంచనా వేయవచ్చు. అందుకే మురుగు చట్టాలు ఈ కొలత చుట్టూ అల్లుకున్నాయి.

ఇరవై అనే అంకె 1912 నాటిది. మురుగు పారవేతను పరిశీలించడానికి బ్రిటన్ 1898లో వేసిన రాయల్ కమిషన్ తన ఎనిమిదో నివేదికలో, శుద్ధి చేసిన మురుగులో బీఓడీ 20, తేలాడే మడ్డి 30 మించకూడదని సూచించింది. నేటి కొలమానంలో చెబితే అవి లీటరుకు మిల్లీగ్రాములు. దాని వెనుక లెక్క చాలా సరళం. శుభ్రమైన నదిలో బీఓడీ 2 దాకా ఉంటుంది. అది 4 దాటితే నది పాడవుతుంది. ఒక పాలు మురుగుకు ఎనిమిది పాళ్ల నదినీరు తోడైతే మొత్తం తొమ్మిది పాళ్లు. మురుగు తెచ్చేది 20, నది తెచ్చేది ఎనిమిది రెళ్లు 16, కలిపితే 36. తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 4.

అంటే ఇరవై అన్నది శుభ్రతకు నిర్వచనం కాదు. మురుగుకు ఎనిమిది రెట్ల నీరున్న నది పక్కనే పారుతోందన్న షరతు మీద తేలిన ఫలితం. కాలక్రమంలో షరతు మాసిపోయింది, అంకె మిగిలింది. వేసవిలో చీలమండలు కూడా తడవని వాగు పక్కనున్న ఇంటికీ, అసలు వాగే లేక నీరంతా నేలలోకి ఇంకే ఇంటికీ ఇప్పుడు అదే అంకెను చూపిస్తున్నారు. మొదటి ఇంటికి అది చాలకపోవచ్చు. రెండో ఇంటికి దానితో పెద్దగా పని ఉండకపోవచ్చు.

తరువాత వచ్చిన పెద్ద చట్టాలు నగరాలను దృష్టిలో పెట్టుకున్నాయి. అమెరికాలో 1972 నాటి స్వచ్ఛ జలాల చట్టం కింద బీఓడీకి, మడ్డికి 30 చొప్పున నెలసరి సగటు పరిమితి, దానితోపాటు 85 శాతం తొలగింపు అన్న నియమం వచ్చాయి. ఐరోపా 1991లో బీఓడీకి 25 నిర్ణయించింది. కానీ ఆ ఐరోపా నిర్దేశం కనీసం రెండు వేల మంది మురుగు ఒకచోట చేరే ఊళ్లకే వర్తించేది. విడి ఇళ్లకు, అంతే స్థాయిలో పర్యావరణాన్ని కాపాడే తగిన వ్యవస్థ ఉంటే చాలని ఒక వాక్యం రాసి వదిలేశారు. ఆ ఒక్క వాక్యాన్ని ఎవరికి తోచినట్టు వారు విడమరచుకున్నారు. జర్మనీ చిన్న వ్యవస్థలకు బీఓడీ 40 దాకా, సీఓడీ (మలినాన్ని రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ కొలత) 150 దాకా అనుమతించింది. ఫ్రాన్స్ 2009 సెప్టెంబరు ఉత్తర్వులో బీఓడీ 35, మడ్డి 30 అన్నది. ఐరోపా బయట జపాన్ 20 అడుగుతుంది, పైగా 90 శాతం తొలగింపు కావాలంటుంది. భారతదేశంలో 2017 అక్టోబరు నోటిఫికేషన్ శుద్ధి కేంద్రాలకు మహానగరాల్లో 20, మిగతా చోట్ల 30 అని పెట్టింది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి దించాలని ఆదేశించింది. సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 మాత్రం వేరే దారిలో నడుస్తుంది: ట్యాంకు కొలతలు, బావికి దూరం, ఇంకుడు ఏర్పాటు దాని ప్రధాన విషయాలు.

వీటిని వరుసగా పేర్చి ఏ దేశం కఠినమో తేల్చాలనిపిస్తుంది. అలా తేల్చలేం. ఎందుకో చూద్దాం.

గాఢత వేరు, భారం వేరు

ఒక మనిషి రోజుకు మురుగులోకి పంపే మలినాన్ని ఐరోపా లెక్కల్లో 60 గ్రాముల బీఓడీగా తీసుకుంటారు. ఆ మనిషి రోజుకు 150 లీటర్లు వాడితే మురుగు గాఢత లీటరుకు 400 మిల్లీగ్రాములు. అందులో 95 శాతం తొలగిస్తే మిగిలేది సరిగ్గా 20. ఇప్పుడు అదే మనిషి నీటిని పొదుపుగా, రోజుకు 100 లీటర్లే వాడాడనుకుందాం. మలినం అదే, నీరు తగ్గింది. గాఢత 600కు చేరింది. యంత్రం అదే 95 శాతం పని చేసినా బయటికి వచ్చేది 30. వాగులోకి వెళ్లే మలినం ఒక్క గ్రాము కూడా పెరగలేదు, కానీ పొదుపు చేసిన ఇల్లు పరిమితి దాటింది. కుళాయి వదిలేసిన ఇల్లు గట్టెక్కింది. గాఢత ఒక్కటే కొలిస్తే చట్టం వృథాకు బహుమతి ఇచ్చినట్టు అవుతుంది. వాననీటిని ట్యాంకులోకి మళ్లించకూడదన్న నిబంధన వెనుక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి: కలిపి పలుచన చేసినంత మాత్రాన శుద్ధి అయినట్టు కాదు.

ఈ చిక్కును ఫిన్లాండ్ బాగా విప్పింది. అక్కడి శాసనం ఒక మనిషి రోజుకు 50 గ్రాముల సేంద్రియ మలినం, 2.2 గ్రాముల భాస్వరం, 14 గ్రాముల నత్రజని పంపుతాడని లెక్క కడుతుంది. సేంద్రియ మలినంలో 80 శాతం, భాస్వరంలో 70 శాతం, నత్రజనిలో 30 శాతం తొలగించాలంటుంది. సున్నితమైన ప్రాంతాలకు అవే 90, 85, 40 శాతాలవుతాయి. లీటరుకు ఎంత అన్న ప్రశ్నే లేదు. ఆ ఇల్లు ప్రకృతి మీద మొత్తం ఎంత భారం మోపుతోందన్నదే ప్రశ్న. సరస్సులతో, బాల్టిక్ తీరంతో బతికే దేశం కాబట్టి నాచును పెంచే భాస్వరానికి అంత చోటు ఇచ్చింది.

శాతానికీ తన లోపం తనకుంది. శాతం చెప్పాలంటే లోపలికి వచ్చే మురుగును కూడా కొలవాలి. ఇంట్లో అది దాదాపు అసాధ్యం. ఉదయం ఒక పోటు, సాయంత్రం ఇంకో పోటు, మధ్యలో గంటల తరబడి చుక్క ఉండదు. అందుకే ఫిన్లాండ్‌లో లోపలి లెక్కను చట్టమే ముందుగా నిర్ణయించి పెట్టింది.

లెక్కలోకి ఏ నీరు వస్తుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. జపాన్ అనుభవం ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. అక్కడి గృహ శుద్ధి ట్యాంకులను జొకాసో అంటారు. 1983 నాటి ప్రత్యేక చట్టం వాటికి ఉంది. తొలి దశలో ఎక్కువగా పెట్టినవి మరుగుదొడ్డి నీటిని మాత్రమే శుద్ధి చేసేవి. వంటింటి నీరు, స్నానాల గది నీరు నేరుగా కాలువలోకి పోయేవి. జపాన్ లెక్కల ప్రకారం ఒక మనిషి రోజువారీ బీఓడీ 40 గ్రాములు. అందులో మరుగుదొడ్డి వాటా 13, మిగతా 27 వంటింటిదీ స్నానాల గదిదీ. పాతరకం ట్యాంకు ఆ 13ను 5కు తగ్గించేది. తన పరిధిలో అది నియమం పాటించినట్టే. కానీ ఇంటి నుంచి బయటికి వెళ్లే మొత్తం చూస్తే 32 గ్రాములు. అన్ని నీళ్లనూ కలిపి శుద్ధి చేసే కొత్తరకం దాన్ని 4 గ్రాములకు దించుతుంది. అంటే ఎనిమిది రెట్ల తేడా. 2001 నుంచి పాతరకాన్ని కొత్తగా పెట్టడం ఆపేశారు. దుర్వాసన వచ్చేదే మురికి అనుకుంటే ఎంత పొరపాటో ఈ 27 గ్రాములు చెబుతాయి.

ముద్ర దేనికి?

ఇంటింటికీ వెళ్లి నమూనాలు తీయడం కష్టం కాబట్టి నియంత్రకులు మరో దారి పట్టారు: ప్రతి ట్యాంకునూ కాకుండా ఒక్కో రకంలో ఒక ట్యాంకును పరీక్షించి ఆ రకాన్ని ఆమోదించడం. ఐరోపాలో యాభై మంది దాకా సరిపడే వ్యవస్థలకు ఈఎన్ 12566 అనే ప్రమాణాల వరుస ఉంది. అందులో మూడో భాగం యంత్రాలది. పరీక్ష 38 వారాలు సాగుతుంది. పరీక్షశాలలో యంత్రాన్ని నిలిపి, రోజువారీ ఇంటి వాడకాన్ని అనుకరిస్తూ మురుగు పంపుతారు. కొన్ని వారాలు సగం భారమే ఇస్తారు, మధ్యలో ఎక్కువ భారం పెడతారు, కరెంటు ఆపుతారు, ఇంటివారు ఊరెళ్లినట్టు రెండు వారాలు ఏమీ పంపరు. అమెరికాలోని ఎన్ఎస్ఎఫ్ 40 ప్రమాణం ఆరు నెలల పరీక్షలో ఇలాంటి కష్టకాలాలకు పేర్లే పెట్టింది: బట్టలుతికే రోజులు, తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగానికి వెళ్లే ఇల్లు, విద్యుత్ అంతరాయం, సెలవులు. ఇంటి జీవితం ఎలా ఉంటుందో తెలిసినవారు రాసిన పరీక్ష ఇది. దాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

కానీ ఈ రెండు పరీక్షలకూ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఎన్ఎస్ఎఫ్ 40లో గెలుపు ఓటములున్నాయి: నెల సగటు బీఓడీ 25, మడ్డి 30 దాటకూడదు. పైగా ఇక్కడ కొలిచేది కార్బన్ సంబంధిత బీఓడీ మాత్రమే, అమ్మోనియా తినే ఆక్సిజన్ ఇందులో లేదు. కాబట్టి ఈ 25ను ఇంకో దేశపు 25 పక్కన పెట్టి పోల్చకూడదు. ఈఎన్ 12566 మూడో భాగంలో నీటి నాణ్యతకు ఉత్తీర్ణత రేఖే లేదు. యంత్రం ఎంత శాతం తొలగించిందో కొలిచి ప్రకటించడమే దాని పని. 97 శాతం వచ్చినా, 85 శాతం వచ్చినా ఆ ప్రమాణం ప్రకారం పరీక్షించినట్టే. ఆ ఫలితం ఒక చోట సరిపోతుందా లేదా అన్నది ఆ దేశపు చట్టం తేల్చాలి. ఐరోపాలో వస్తువుల మీద వేసే సీఈ ముద్ర ఆ వస్తువును మార్కెట్లో అమ్మవచ్చని చెబుతుంది. మీ ఇంటి వెనుక పూడ్చవచ్చని చెప్పదు.

జర్మనీ ఈ ఖాళీని తరగతులతో పూరించింది. సి తరగతి సేంద్రియ మలినాన్ని మాత్రమే చూస్తుంది. ఎన్ తరగతిలో అమ్మోనియాను నైట్రేటుగా మార్చాలి. డి తరగతిలో ఆ నైట్రేటును కూడా వాయువుగా మార్చి తొలగించాలి. భాస్వరానికి పి, క్రిములకు హెచ్ అనే చేర్పులు ఉంటాయి. తాగునీటి వనరు దగ్గరి ఇంటికి స్థానిక అధికారి ఎక్కువ తరగతి అడగవచ్చు, మామూలు చోట సి చాలనవచ్చు. యంత్రానికి ఒకే అంకె ఇచ్చే పద్ధతి కన్నా ఇది ఎంతో నిజాయితీగా ఉంది. బీఓడీ తక్కువైనంత మాత్రాన నీటిలో క్రిములు పోయినట్టు కాదు. గాలి బాగా అందిన యంత్రంలో అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది, ఆ నైట్రేటు నేలలో అడ్డులేకుండా భూగర్భజలం దాకా దిగిపోతుంది.

నైట్రేటు విషయంలో తరచుగా జరిగే మరో గందరగోళం: తాగునీటికి అమెరికా పరిమితి 10, ప్రపంచ ఆరోగ్య సంస్థది 50. ఐదు రెట్ల తేడా అనిపిస్తుంది. నిజానికి మొదటిది నత్రజని బరువు, రెండోది నైట్రేటు మొత్తం బరువు. 50ని నత్రజనిగా మారిస్తే సుమారు 11.3. రెండూ దాదాపు ఒకటే.

నేల కూడా యంత్రమే

సెప్టిక్ ట్యాంకు చేసేది సగం పనే. బరువైనది అడుగున బురదగా చేరుతుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలోని మురికినీరు బయటికి పోతుంది. మిగతా శుద్ధి నేలలోనే జరగాలి. గాలి ఆడే మట్టి పొరల్లోని జీవులు మలినాన్ని తింటాయి, క్రిములను మట్టి రేణువులు పట్టి ఆపుతాయి. అందుకే ఇంగ్లండ్ సెప్టిక్ ట్యాంకు నీటిని నేరుగా వాగులోకి వదలకూడదంది. అప్పటికే వదులుతున్నవారు 2020 జనవరి 1 నాటికి మార్చుకోవాలని గడువు పెట్టింది.

నేల తగినదో కాదో తేల్చడానికి ఒక గుంత తవ్వి, నీరు పోసి, ఒక మిల్లీమీటరు దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. బ్రిటన్ నియమావళి ప్రకారం అది 12 నుంచి 100 సెకన్ల మధ్య ఉండాలి. వంద దాటితే నీరు ఇంకదు, పైకి ఉబుకుతుంది. ఇది అందరికీ అర్థమవుతుంది. పన్నెండు కన్నా తక్కువైతే ఎందుకు వద్దంటారన్నదే ఆలోచించవలసిన సంగతి. నీరు చకచకా ఇంకే నేల మంచిదనుకుంటాం. కానీ అంత వేగంగా దిగే మురుగుకు మట్టిలో నిలిచే సమయం ఉండదు, శుద్ధి కాకుండానే భూగర్భజలంలో కలుస్తుంది. ఇంకుడు స్థలం ఎంత కావాలో కూడా ఈ సెకన్లే చెబుతాయి: మనుషుల సంఖ్యను సెకన్లతో గుణించి, దాన్ని 0.25తో గుణించాలి. ఐదుగురికి 40 సెకన్ల నేలలో 50 చదరపు మీటర్లు కావాలి. యంత్రంలో ముందే శుద్ధి అయిన నీటికైతే 0.2తో గుణిస్తారు, 40 చదరపు మీటర్లు చాలు.

బావికి ఎంత దూరం? ఇంగ్లండ్‌లో 50 మీటర్లు, ఐఎస్ 2470లో కనీసం 18. ఇక్కడ కూడా అంకెల వెనుక ఉన్నది కాలమే. క్రిములు నేలలో కొంతకాలానికి చనిపోతాయి, ఆలోగా బావిని చేరకూడదు. జర్మనీలో తాగునీటి బావుల చుట్టూ గీసే రక్షణ వలయాల్లో ఒకదాన్ని 50 రోజుల భూగర్భ ప్రయాణంతో కొలుస్తారు. ఇసుక నేలలో, పగుళ్ల రాతిలో ఆ 50 రోజులు ఎన్ని మీటర్లవుతాయన్నది పూర్తిగా వేరు. మీటర్లలో రాసిన నియమం కొలవడానికి సులువు, అంతే.

చూసేది ఎవరు?

పరీక్షశాలలో 97 శాతం సాధించిన యంత్రం గాలి పంపు ఆగిన రోజు నుంచి సరిగా పనిచేయని సెప్టిక్ ట్యాంకుతో సమానం. బురద తీయకపోతే ఏ ట్యాంకైనా తన మడ్డిని తానే బయటికి నెడుతుంది. అది ఇంకుడు గొట్టాల చుట్టూ మట్టిని మూసేస్తుంది. ఆ నేల మళ్లీ కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. వీటిని ఏ ముద్రా ఆపలేదు.

ఐర్లండ్‌కు ఈ విషయం న్యాయస్థానంలో ఎదురైంది. విడి ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల విషయంలో ఆ దేశం బాధ్యత నిర్వర్తించలేదని 2009 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో ఒక మినహాయింపు ఉంది: కావన్ కౌంటీ. అక్కడి స్థానిక నియమాలు ట్యాంకులను తనిఖీ చేయించాలని ముందే చెప్పాయి. ఒకే దేశం, అవే రకం ట్యాంకులు. కావన్‌ను వేరు చేసింది తనిఖీయే. 2012లో ఐర్లండ్ ఇళ్ల ట్యాంకుల నమోదు, తనిఖీ చట్టం తెచ్చింది. అయినా తీర్పు అమలులో జాప్యానికి ఆ ఏడాది డిసెంబరులో 20 లక్షల యూరోల జరిమానా పడింది.

జపాన్ చట్టంలో నాకు ఎక్కువగా నచ్చేది 20 అనే పరిమితి కాదు, దాని పక్కనున్న మూడు విధులు. క్రమం తప్పని నిర్వహణ, పూడిక తీత, ప్రభుత్వం గుర్తించిన సంస్థ చేసే తనిఖీ. తనిఖీ వాడకం మొదలైన కొన్ని నెలలకు ఒకసారి, ఆ తరువాత ఏటా జరగాలి. ట్యాంకు ఇంటి యజమానిది, ఈ విధులూ యజమానివే. అమెరికాలో ఎన్ఎస్ఎఫ్ 40 మొదటి రెండేళ్లకు ఆరు నెలలకొక సందర్శనను తయారీదారు మీదే పెట్టింది. మంచి ఆరంభమే, కానీ ట్యాంకు ఆయుష్షు దశాబ్దాలు. ఫ్రాన్స్‌లో స్థానిక ప్రజాసేవా విభాగం పదేళ్లకు మించని వ్యవధిలో వచ్చి చూడాలి. గాలి పంపు మీద ఆధారపడిన యంత్రానికి పదేళ్లు మరీ ఎక్కువని నా అభిప్రాయం. 2024లో సవరించిన ఐరోపా నిర్దేశం పరిధిని రెండు వేల నుంచి వెయ్యి మందికి తగ్గించి, విడి వ్యవస్థల నమోదు, తనిఖీలను కూడా తన కిందికి తెచ్చుకుంది.

ఇల్లు కట్టేవారు, కొనేవారు ఆ పత్రంతోపాటు అడగవలసినవి దీన్నిబట్టి తేలికగానే తెలుస్తాయి. అంకె గాఢతదా, శాతమా? ఏ పరీక్షలో, ఎంత భారం దగ్గర వచ్చింది? వంటింటి నీరు కూడా లెక్కలో ఉందా? నీరు నేలలోకా, వాగులోకా? పంపు ఆగితే తెలిపే హెచ్చరిక గంట ఉందా? చివరిగా, శుద్ధి అయిన నీరు బయటికి వెళ్లే ముందు నమూనా తీయడానికి మూత ఉన్న చిన్న గుంత ఉందా? అది లేని వ్యవస్థలో బయటికి వచ్చేది ఇరవయ్యో రెండు వందలో ఏ అధికారీ, ఏ యజమానీ చూడలేరు. ఫిన్లాండ్‌లో ప్రతి ఇంటి యజమానీ తన వ్యవస్థ వివరాలను, దాన్ని నడిపే, బాగుచేసే సూచనలను రాతపూర్వకంగా ఇంట్లోనే ఉంచాలి. ఇల్లు చేతులు మారినప్పుడు కొత్తవారికి పెరట్లో మూత ఎక్కడుందో, దాన్ని ఎప్పుడు తెరవాలో ఆ కాగితాలు చెబుతాయి.